మామతో రెక్కలు తిన్న ఆదివారాలు

నా భార్య పోయాక మా ఇంట్లో కోడికూర వండటం ఆగిపోయింది. కావాలని మానుకున్నది కాదు. ఒకసారి నేను వండాను, ఒకసారి మామ వండాడు. ఇద్దరిలో ఎవరి చేతిలోనూ అది కూర కాలేదు. ఆమె కిడ్నీలు చెడిపోయిన కాలంలో మా వంటింట్లో ఉప్పు దాదాపు లేకుండా పోయింది. ఆమెకు వేరుగా, మాకు వేరుగా వండే ఓపిక ఎవరికీ లేక ముగ్గురం అదే చప్పటి కూర తిన్నాం. ఆమె పోయాక ఉప్పు వేసుకోవద్దనేవారు లేరు. కానీ ఎంత వేయాలో మా చేతులు మరిచిపోయాయి.

మామ అంటే ఆమె తండ్రి. సిరిసిల్ల నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, మరమగ్గాల మీదే బతుకు గడిపాడు. మావాళ్ళు వాటిని సాంచాలంటారు. అవి నడిచే షెడ్డును ఇక్కడ అందరూ ఖాతా అంటారు. మా అత్త చనిపోయిన ఏడాదే ఆయన పనిచేసే ఖాతా మూతపడింది. కొడుకు భీవండిలో ఒక్క గదిలో కాపురం ఉంటున్నాడు. అందుకని మామ సూరత్‌లోనే డిండోలిలో ఉన్న మా ఇంటికి వచ్చాడు. కొన్నాళ్ళుండి పోదామని వచ్చిన మనిషి, బిడ్డకు జబ్బు తెలిసేసరికి ఉండిపోయాడు. నేను పర్వత్ పాటియా దగ్గర ఒక గోదాములో పనిచేస్తాను. మగ్గం మీంచి దిగిన గుడ్డను వెలుతురు బల్ల మీద లాగుతూ ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ నూనె మరక పడిందో చూసి గుర్తు పెట్టడం నా పని. పగలు నేను అక్కడుంటే మామ దవాఖానాలో ఉండేవాడు. సాయంత్రం నేను వెళితే ఆయన ఇంటికి వచ్చి బియ్యం పెట్టేవాడు. డయాలసిస్ గది బయట ఒక ఇనుప బెంచీ ఉండేది. ఆ బెంచీ మీద మేమిద్దరం డ్యూటీలు మార్చుకున్నట్టే మార్చుకున్నాం, కొన్నేళ్ళపాటు. ఆ తరువాత ఒకరోజు ఆ బెంచీతో ఇక పని లేకుండా పోయింది.

మాకు పిల్లలు లేరు. కర్మకాండ అయ్యాక బంధువులు వెళ్ళిపోయారు. ఇంట్లో నేనూ మామా మిగిలాం.

మామకు చెవులు సరిగా వినపడవు. సాంచాల మధ్య ఒక జీవితం గడిపినవాళ్ళలో చాలామందికి అంతే. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఆయనకు ఎక్కువ కష్టం. నేను ఏదో అంటాను, ఆయన "ఆఁ?" అంటాడు. మళ్ళీ అంటాను, మళ్ళీ "ఆఁ?" మూడోసారి నాకు చెప్పాలనిపించదు. గోదాము నుంచి వచ్చేసరికి నా కళ్ళ ముందు ఇంకా తెల్లగుడ్డ కదులుతూనే ఉంటుంది. గొంతెత్తి మాట్లాడే శక్తి ఉండదు. చెవి మిషను తెచ్చిచ్చాను. పెట్టుకుంటే గిన్నెల చప్పుడంతా బుర్రలోకి వస్తోందని తీసి డబ్బాలో పెట్టేశాడు. టీవీ గట్టిగా పెడితే పక్కింటి గుజరాతీ ఆవిడ గోడ మీద తట్టేది. అలా ఇద్దరం ఒక ఇంట్లో ఉంటూనే రోజుల తరబడి మాటల్లేకుండా గడిపాం.

ఒక వానాకాలపు ఆదివారం సాయంత్రం కూరగాయలకని బయలుదేరి వానలో చిక్కుకున్నాం. మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన ఒక హోటలు పంచన నిలబడ్డాం. బోర్డు మీద స్పోర్ట్స్ పబ్ అని ఉంది. గుజరాత్‌లో పబ్ అంటే పేరుకే. లోపల దొరికేది అల్లం సోడా, నిమ్మకాయ సోడా. గోడలకు బ్యాట్లు, బంతులు, ఆటగాళ్ళ చొక్కాలు. నాలుగు వైపులా పెద్ద తెరలు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేయించిన కోడి వాసన బయటికి వచ్చేది. మామ నా మోచేయి పట్టుకుని లోపలికి చూపించాడు. అంత వానలో కాదనడానికి నాకు కారణం కనపడలేదు.

లోపల క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. డైమండ్ పనివాళ్ళు, మార్కెట్ కుర్రవాళ్ళు, రెండు మూడు కుటుంబాలు. ఒకరి మాట ఒకరికి వినపడనంత గోల. నాకు వెంటనే తలనొప్పి మొదలైంది. మామ కేసి చూశాను. ఆయన ముఖం నేను చాలాకాలంగా చూడని విధంగా తేటపడి ఉంది. కుర్చీలో వెనక్కి ఆనుకుని, గొంతులోంచి చప్పుడు రానీయకుండా పెదాలు మాత్రం కదిపాడు.

"ఈడ మంచిగున్నది."

అది ఖాతా మాట. సాంచాలు నడిచేటప్పుడు ఎంత అరిచినా వినపడదు కాబట్టి, అక్కడ పనిచేసేవాళ్ళు పెదాల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకుంటారు. నేను కూడా పెళ్ళికి ముందు కొంతకాలం మగ్గాల మీద పనిచేశాను. ఆ భాష నాకూ వచ్చు, వాడక మరుగున పడిందంతే. నేనూ గొంతు లేకుండానే అడిగాను.

"ఏం తింటవ్ మామా?"

"ఏదన్న. జర కారం గల్లది."

ఆర్డరు తీసుకునే మనిషి నడివయసు ఒడియా ఆయన, గంజాం వైపు నుంచి వచ్చినవాడు. మా పెదాల కేసి చూసి నవ్వాడు. తర్వాత తెలిసింది, నడుము పాడై మానేసేదాకా ఆయన కూడా ఉధనాలో మగ్గాలు నడిపినవాడేనని. "చాచా, తీఖా యా మీఠా?" అని అడిగి, కారానికి నాలుక మీద వేలు పెట్టి, తీపికి పెదాలు తడుముకుని చూపించాడు. మామ నాలుక బయటపెట్టాడు.

ప్లేటు వచ్చింది. ఎర్రటి పులుసు పూసిన కోడిరెక్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చి. పక్కన తెల్లటి చట్నీ, నిలువుగా కోసిన క్యారెట్ ముక్కలు. మామ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"గివన్ని రెక్కలేనా?" ఈసారి గొంతుతోనే అన్నాడు.

"అవు మామా. గివే అమ్ముతరు ఈడ."

"మరి కోళ్ళేమైనయి?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకే వింతగా అనిపించింది. ఆయన కూడా నవ్వాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వెంటనే చూపులు ప్లేటులోకి దించుకున్నాం. ఇద్దరికీ ఒకే సంగతి గుర్తుకొచ్చిందని నాకు తెలుసు. మా ఇళ్ళలో కోడి కోస్తే కాలు అల్లుడికి వేస్తారు, కందనకాయ ఇంటి పెద్దకు. మెడా రెక్కలూ చివరికి మిగిలేవి వండిన మనిషికి. నా భార్య అందరికీ వడ్డించాక గిన్నె ముందు పెట్టుకుని ఆ రెక్కలను తీరిగ్గా, ఒక్కో ఎముకా విడదీసుకుంటూ తినేది. ఇంకో ముక్క వేసుకోమంటే, "నాకు గివే ఇష్టం" అనేది. ఇష్టమో, అలవాటో నేను ఏనాడూ అడగలేదు. మామ రెక్కను కీలు దగ్గర విరిచి, రెండు సన్నటి ఎముకల నడుమ కండను పళ్ళతో లాగాడు. అచ్చం ఆమె లాగే. లేదా ఆమె తినేది అచ్చం ఆయన లాగానేమో.

"ఉప్పు సరిగున్నది," అన్నాడు.

అప్పటినుంచి ఆదివారం సాయంత్రం అక్కడికి వెళ్ళటం అలవాటైంది. గొప్ప విషయాలేమీ మాట్లాడుకోలేదు. ఈ ఆటగాడు బాగా ఆడతాడు, ఆ ఆటగాడికి పొగరు. పక్కవీధి ఆయనకు షుగర్ వచ్చింది. ఫలానా ఖాతాలో పాత మగ్గాలు తీసేసి నీళ్ళతో నడిచేవి పెడుతున్నారట. ఒక్కోసారి నేను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆయన నన్ను కదిలించేవాడు కాదు. ఇంటికి వచ్చాక మళ్ళీ ఎవరి మూల వాళ్ళది. కానీ వారంలో ఆ ఒక్కపూట, ఆ గోల మధ్య, మేం ఒకరికొకరు వినపడేవాళ్ళం.

ఏడాది మాసికం పెట్టడానికి నా బామ్మర్ది భీవండి నుంచి వచ్చాడు. మంచివాడు. అక్క జబ్బులో ఉన్నప్పుడు వీలైనప్పుడల్లా వచ్చి చూసి వెళ్ళాడు. ఈసారి నాలుగు రోజులు ఉన్నాడు, మనసులో ఏదో పెట్టుకుని తిరుగుతున్నట్టు కనిపించాడు. ఆదివారం మామే అతన్ని లేవదీశాడు.

"నడు, నీకు రెక్కలు తినిపిస్త."

ఆరోజు ఏదో పెద్ద మ్యాచ్. మాకు ఎప్పుడూ దొరికే మూల బల్ల దొరకలేదు. తెర ఎదురుగా ఇరుక్కుని కూర్చున్నాం. మామ తెర వైపు తిరిగి కూర్చున్నాడు. మేం ఇద్దరం ఆయనకు చెరో పక్కన. కొంతసేపు తిన్నాక బామ్మర్ది నా వైపు వంగి, గోలలో వినపడేలా గట్టిగా మొదలుపెట్టాడు.

"బావా, ఒక మాట. బాపును నేను తోల్కపోత."

"ఎందుకురా? ఇప్పుడేమైంది?"

"ఏం కాలే. కానీ కొడుకుండంగ అల్లునింట్ల ఎందుకుంటుండని మనోళ్ళు అడుగుతున్రు. అక్క ఉన్నన్ని దినాలు వేరే ముచ్చట. ఇప్పుడు అక్క లేకపాయె. నేనిప్పుడు రెండు గదుల ఇల్లు తీస్కున్న."

అతను చెయ్యి తుడుచుకుని ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"నువ్వు గూడ ఎన్నొద్దులు గిట్లుంటవ్ బావా? నీకూ ఒక దారి జూస్కోవాలె గద. ఇంట్ల బాపుంటే ఎవలు పిల్లనిస్తరు? నేను నీ మంచికే జెప్తున్న."

"ముసలాయన ఈడ అలవాటు పడ్డడు రా. ఆడ ఆయన్ను ఎవలు చూస్తరు? నీ పెండ్లాం పనికి పోతది, నువ్వు పనికి పోతవ్."

"ఈడ మాత్రం ఎవలున్నరు బావా పొద్దందాక?"

బామ్మర్ది ఇంకా చాలా మాట్లాడాడు. బాపు మందుల సంగతి, కాళ్ళ నొప్పుల సంగతి, ఆయన మొండితనం సంగతి. నేనూ మాట్లాడాను. చెవి మిషను పెట్టుకోడని, చెప్పిన మాట వినడని. అలసిన మనుషులు మాట్లాడుకున్నట్టు, బరువు ఎవరు ఎత్తుకోవాలన్నట్టుగానే మాట్లాడుకున్నాం. మామ తెర వైపే చూస్తున్నాడని అనుకున్నాం. ఆయన పెదాలు చదవగలడని నాకు తెలిసీ, ఆయన కొడుకుకు తెలిసీ, ఇద్దరం మరిచిపోయాం.

ఇంతలో ఆటలో విరామం వచ్చింది. తెరల మీది చప్పుడు ఒక్కసారిగా తగ్గించారు. వినపడనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. మామ గొంతు ఆ హోటలంతా మోగింది.

"నా ముచ్చట నా ముంగటనే మాట్లాడుతున్రు గద. నన్ను గూడ ఒక మాట అడుగరాదుర్రి?"

పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. భాష అర్థం కాకపోయినా విషయం అర్థమైనట్టుంది, వెంటనే తలలు తిప్పుకున్నారు. బామ్మర్ది ముఖం ఎర్రబడింది.

"అట్ల గాదు బాపూ..."

"ఎట్లయితేంది. అడుగు."

"నాతోని వస్తవా?"

మామ చేతిలో ఉన్న రెక్కను పూర్తిగా తిన్నాడు. ఎముకలు పక్కన పెట్టాడు. కాగితంతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. నేను ఆయన 'రాను' అంటాడనుకున్నాను. అంటే నేను ఏమనాలో కూడా మనసులో కూర్చుకుంటున్నాను.

"వస్త," అన్నాడు.

ముగ్గురం ఇంటికి నడిచాం. నాకు ఇన్నేళ్ళు కలిసున్నాక అంత తేలిగ్గా ఎలా అన్నాడని కోపం. నేను చేసిన దాంట్లో ఏ లోటు కనపడిందని ఉక్రోషం.

తెల్లవారి బామ్మర్ది స్నానానికి వెళ్ళినప్పుడు చాయ్ పెట్టి మామకు ఇచ్చాను. ఆయన నన్ను కిటికీ వెలుతురులో తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు, నా పెదాలు కనపడేలా.

"కోపమొచ్చిందా అల్లుడా?"

"నేనేం తక్కువ జేసిన మామా?"

"తక్కువ చేస్తే నేను ఏనాడో పోయేటోణ్ణి." చాయ్ ఊదుకున్నాడు. "పొద్దందాక బట్ట చూసి కండ్లు వోగొట్టుకొని అస్తవ్. అచ్చి నాకు బువ్వ పెడ్తవ్. నీ మొఖం చూస్తే దవాఖాన్ల బెంచి మీద కూసున్నప్పటి మొఖమే ఉన్నది ఇంకా. నా మొఖం గూడ గట్లనే ఉంటది, నాకెరుకే. నిన్ను చూస్తే నాకు దవాఖాన యాదికొస్తది. నన్ను చూస్తే నీకూ గదే యాదికొస్తది. గిట్ల ఇద్దరం ఎన్నొద్దులు కూసుంటం?"

ఆయన చెప్పింది నిజం. సాయంత్రాలు తలుపు తీసి, చాప మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్న ఆయనను చూడగానే, 'ఇవాళ రక్తం ఎట్లున్నదన్నరు?' అనే ప్రశ్న నా నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఏడాది గడిచినా వచ్చేది.

"అలసిపోయినవ్ బిడ్డా," అన్నాడు. ఎప్పుడూ అల్లుడా అనే పిలిచేవాడు. "నేను గూడ అలసిపోయిన."

మరుసటి రోజు స్టేషన్లో రైలెక్కించాను. చెవి మిషను డబ్బా సంచిలో పెట్టబోతే వద్దన్నాడు, తర్వాత ఏమనుకున్నాడో తీసుకున్నాడు. రైలు కదిలాక బామ్మర్ది కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మామ ఊపలేదు. ఆయన తన సీటు కోసం ఎవరితోనో వాదిస్తున్నాడు.

ఆ తరువాతి ఆదివారం నేను పొద్దున్నించి సాయంత్రం దాకా నిద్రపోయాను. అలా ఎన్ని ఆదివారాలు పోయాయో. ఇంటికి రావడం, తినడం, పడుకోవడం. ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. ఏళ్ళ తరబడి బాకీపడ్డ నిద్రంతా వచ్చి మీద పడింది. పక్కింటావిడ ఒకరోజు తలుపు కొట్టి, "తబియత్ ఠీక్ హై నా భాయ్?" అని అడిగి, ఒక గిన్నెలో ఖిచిడీ ఇచ్చి వెళ్ళింది. టీవీ చప్పుడు లేక కంగారు పడిందట.

ఒకసారి ఒంటరిగా ఆ పబ్బుకు వెళ్ళాను. ఒడియా ఆయన ఖాళీ కుర్చీ చూసి, గడ్డం కింద చెయ్యి పెట్టి ముసలాయన ఏడని సైగ చేశాడు. నేను రైలు సైగ చేశాను. ఆయన తల ఊపి, అడగకుండానే కారం ప్లేటు తెచ్చిపెట్టాడు. గోల అదే, తెరలు అవే. రెక్కలు కూడా అలాగే ఉన్నాయి. సగం తిని, మిగిలినవి కట్టించుకుని వచ్చాను. మళ్ళీ వెళ్ళలేదు. ఎదురుగా మాట్లాడే మనిషి లేనప్పుడు ఆ గోల నాకు గోలే.

చలికాలంలో మామ వచ్చాడు. ఉండటానికి కాదు, చుట్టపుచూపుగా. ఒళ్ళు చేశాడు. భీవండిలో వాళ్ళింటి కింద చాయ్ బండి దగ్గర పాత సాంచాల వాళ్ళు పొద్దంతా కూర్చుంటారట. అందరికీ చెవుడే. "అందరం అరుసుకుంటం, అడ్డమొచ్చేటోడు లేడు," అన్నాడు. కోడలు పనికి పోయేటప్పుడు తిట్టుకుంటూనే అన్నం మూతపెట్టి పోతుందట. అది చెప్పి నవ్వాడు.

పబ్బుకు పోదామా అని అడిగాను. వద్దన్నాడు. "సముద్రం చూద్దం" అన్నాడు. బిడ్డను పెళ్ళికి ముందు ఎప్పుడో డుమస్ బీచికి తీసుకుపోయాడట, ఆ తరువాత పోలేదట. బస్సులో వెళ్ళాం. ఒడ్డున బండి దగ్గర టమాటా భజియాలు తిన్నాం. వేడికి ఆయన నోరు కాల్చుకుని చాలాసేపు గాలి ఊదుకున్నాడు. నీళ్ళు చాలా దూరంలో ఉన్నాయి, బురద మాత్రం దగ్గర్లో ఉంది. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఇద్దరం ఒక సిమెంటు గట్టు మీద కూర్చున్నాం.

"ఎవలన్న పిల్లను చూసినవా?" అని అడిగాడు.

"లేదు మామా."

"చూడు. నేనేమనుకోను. మా బిడ్డ గూడ అనుకోదు."

"చూస్త."

"చూస్తే చూడు, చూడకుంటే చూడకు. రాకపోకలు మాత్రం బందు వెట్టకు."

"బందు వెట్టను మామా."

ఆయన తల ఊపి, కండువా చెవుల మీదికి లాక్కున్నాడు. కాసేపటికి అక్కడే కూర్చుని కునుకు తీశాడు. నేనూ కళ్ళు మూసుకున్నాను. లేచేసరికి బండివాళ్ళు సామాను సర్దుకుంటున్నారు, బస్సుకు జనం పరుగెడుతున్నారు. మేం పరుగెత్తలేదు. తరువాతి బస్సు ఉందిలే అన్నాడు మామ. ఉంది. కానీ సీటు దొరకలేదు. డిండోలి దాకా నిలబడే వచ్చాం.